భూమికి పొరలు ఎన్ని? పుట్టుకలోనే ఉన్న సమాధానం

భూమి లోపల ఎన్ని పొరలున్నాయని అడిగితే మూడని ఒక పుస్తకం చెబుతుంది, నాలుగని మరొకటి చెబుతుంది, ఐదని ఇంకొకచోట చదువుతాం. 2023 ఆరంభంలో ఈ గందరగోళం మరింత పెరిగింది. భూమి నట్టనడుమ ఉన్న ఘనగోళం, అంటే అంతర కోర్, తిరగడం ఆగిపోయిందన్న వార్త జనవరిలో ప్రపంచమంతా పాకింది. నెల తిరిగేసరికి ఆ కోర్ నడిమధ్యన ఇంకో గోళం ఉందని, కనుక భూమికి ఐదో పొర దొరికిందని మరో వార్త వచ్చింది. వీటిలో ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే ముందు పొరలను దేని ఆధారంగా లెక్కిస్తారో చూడాలి. ఆ తరువాత భూమి పుట్టుక దగ్గరికి వెళ్ళాలి, ఎందుకంటే ఒకప్పుడు చాలావరకు కరిగి ఉన్న పదార్థం బరువును బట్టి, రసాయనిక స్వభావాన్ని బట్టి తనలో తాను విడిపోవడం వల్లనే ఈ పొరలు ఏర్పడ్డాయి. పుట్టుకను ఒక పాఠంగా, పొరలను మరో పాఠంగా విడదీసి చదవడం వల్ల రెండూ సగమే అర్థమవుతున్నాయని నా అభిప్రాయం.

పదార్థాన్ని బట్టి ఒక లెక్క, ప్రవర్తనను బట్టి మరో లెక్క

పదార్థాన్ని బట్టి చూస్తే భూమికి మూడు భాగాలు. అన్నిటికన్నా పైన ఉన్నది భూపటలం. సముద్రాల అడుగున ఇది ప్రధానంగా బసాల్ట్ శిలతో, సుమారు 7 కిలోమీటర్ల మందంలో ఉంటుంది. ఖండాల కింద సిలికా ఎక్కువగా గల తేలికైన శిలలతో సగటున 35 నుంచి 40 కిలోమీటర్లు, ఎత్తైన పర్వతశ్రేణుల కింద దాదాపు 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పటలం కింద, సుమారు 2,890 కిలోమీటర్ల లోతు వరకు ఉన్నది మాంటిల్. మెగ్నీషియం, ఇనుము కలిసిన సిలికేట్ (సిలికాన్, ఆక్సిజన్ ఆధారంగా ఏర్పడిన ఖనిజాల) శిల ఇది. భూమి ఘనపరిమాణంలో 84 శాతం దీనిదే. అక్కడి నుంచి 6,371 కిలోమీటర్ల లోతున ఉన్న కేంద్రం వరకు కోర్ ఉంటుంది. అందులో ప్రధానంగా ఉన్నది ఇనుము, దానితోపాటు కొంత నికెల్.

రెండో లెక్కలో ఏ పదార్థం అన్నది ముఖ్యం కాదు, అది గట్టిగా ఉందా, మెత్తబడి సాగుతోందా, ద్రవంగా ఉందా అన్నదే ముఖ్యం. పటలమూ, దానికి అంటుకుని ఉన్న మాంటిల్ పైభాగమూ కలిసి ఒకే దృఢమైన పొరలా ప్రవర్తిస్తాయి. దాన్ని శిలావరణం అంటారు. కదిలే ఖండ ఫలకాలు, సముద్ర ఫలకాలు ఈ శిలావరణపు ముక్కలే. కేవలం పటలం ముక్కలే కదులుతున్నాయని చెప్పడం సరికాదు. దాని కింద మెత్తబడి నెమ్మదిగా సాగే ఆస్థెనోస్ఫియర్, ఆ కింద మరింత గట్టిదైన దిగువ మాంటిల్, తరువాత ద్రవరూపంలోని బాహ్య కోర్, చివరికి ఘనరూపంలోని అంతర కోర్ ఉంటాయి. మూడు, నాలుగు, ఐదు అన్న సంఖ్యలు ఈ రెండు లెక్కల నుంచి, లేదా రెంటినీ కలిపేయడం నుంచి వచ్చినవే. పటలం, మాంటిల్, బాహ్య కోర్, అంతర కోర్ అని నాలుగు చెప్పేటప్పుడు మొదటి రెండింటిని పదార్థాన్ని బట్టి, చివరి రెండింటిని స్థితిని బట్టి విడదీస్తున్నాం. చదువు చెప్పడానికి అది అనుకూలంగానే ఉంటుంది గానీ, రెండు కొలబద్దలు వాడుతున్నామన్న సంగతి మరచిపోకూడదు.

ఇక్కడే ఒక గట్టి అపోహను తొలగించాలి. మాంటిల్ అంటే కరిగిన లావా సముద్రమని, అగ్నిపర్వతాలు దాన్ని పైకి తోడిపోస్తాయని చాలామంది అనుకుంటారు. మాంటిల్ దాదాపు పూర్తిగా ఘన శిలే. పైకి లేచే శిల మీద పీడనం తగ్గినచోట, లేదా నీరు చేరి ద్రవీభవన స్థానం పడిపోయినచోట మాత్రమే అందులో కొద్దిభాగం కరిగి మాగ్మా అవుతుంది. గట్టి శిల ప్రవహించడమేమిటన్న సందేహం సహజమే. హిమానీనదంలోని మంచు సుత్తితో కొడితే పగిలేంత గట్టిదే, అయినా ఏళ్ల తరబడి వాలు వెంబడి ప్రవహిస్తూనే ఉంటుంది. మాంటిల్ శిల కూడా అలాగే కదులుతుంది, కాకపోతే దానికి పట్టే కాలం ఎన్నో రెట్లు ఎక్కువ. ఏడాదికి 5 సెంటీమీటర్ల వేగంతో ఒక శిలాఖండం మాంటిల్ అడుగుకు దిగుతోందనుకుంటే, 2,890 కిలోమీటర్లు దిగడానికి 5.8 కోట్ల సంవత్సరాలు పడుతుంది.

తవ్వి చూడలేని చోటు సంగతి ఎలా తెలిసింది

రష్యాలోని కోలా ద్వీపకల్పంలో తవ్విన బోరుబావి 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకు చేరింది. అక్కడ ఉష్ణోగ్రత 180 డిగ్రీల సెల్సియస్ కావడంతో అంతకన్నా లోతుకు వెళ్ళడం సాధ్యపడలేదు. మనిషి నిట్టనిలువుగా తవ్వినవాటిలో ఇంతకు మించిన లోతు లేదు. అయినా అది భూమి వ్యాసార్ధంలో 0.2 శాతం మాత్రమే. కాబట్టి లోపలి సంగతులన్నీ పరోక్షంగా తెలిసినవే.

మొదటి ఆధారం బరువు. 1798లో హెన్రీ కావెండిష్ చేసిన ప్రయోగం వల్ల భూమి సగటు సాంద్రత నీటి సాంద్రతకు దాదాపు 5.5 రెట్లని తేలింది. ఉపరితలం మీది శిలల సాంద్రత 2.7 నుంచి 3 రెట్ల మధ్యే ఉంటుంది. అంటే లోపల చాలా బరువైనదేదో ఉండి తీరాలి. ఇప్పటి అంకెలతో ఆ లెక్క వేసి చూద్దాం. ఘనపరిమాణంలో 84 శాతం ఉన్న మాంటిల్ సగటు సాంద్రత, లోతులో పీడనానికి నొక్కుకుపోవడాన్ని కూడా కలుపుకుని, 4.45 అనుకుంటే మొత్తం సగటులో దాని వాటా 3.74 అవుతుంది. 5.51లోంచి అది తీసేస్తే మిగిలేది 1.77. ఈ మిగులంతా 16 శాతం ఘనపరిమాణమే ఉన్న కోర్ నుంచి రావాలి కాబట్టి కోర్ సాంద్రత సుమారు 11 ఉండాలి. విశ్వంలో సమృద్ధిగా దొరికే మూలకాల్లో, ఆ పీడనంలో ఇంత సాంద్రతకు దగ్గరగా వచ్చేది ఇనుమే.

రెండో ఆధారం భూకంప తరంగాలు. భూకంపం నుంచి ముందుగా చేరే పి తరంగాలు పదార్థాన్ని నొక్కుతూ, సాగదీస్తూ వెళతాయి. తరువాత వచ్చే ఎస్ తరంగాలు దాన్ని పక్కలకు ఊపుతూ వెళతాయి. ద్రవానికి ఆకారాన్ని నిలుపుకునే బిగువు ఉండదు కనుక ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. మాంటిల్ పైభాగంలో పి వేగం సెకనుకు 8 కిలోమీటర్లు, ఎస్ వేగం 4.5 కిలోమీటర్లు అనుకుంటే, 720 కిలోమీటర్ల దూరంలోని భూకంప నమోదు కేంద్రానికి మొదటిది 90 సెకన్లలో, రెండోది 160 సెకన్లలో చేరుతుంది. ఈ 70 సెకన్ల తేడాను బట్టే భూకంపం ఎంత దూరంలో వచ్చిందో చెప్పగలరు. దూరం ముందే తెలిస్తే, తరంగం ఆలస్యంగానో తొందరగానో రావడాన్ని బట్టి అది దాటివచ్చిన శిల స్వభావాన్ని చెప్పగలరు.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ 1897 నాటి అస్సాం భూకంపాన్ని అధ్యయనం చేస్తూ ఈ తరంగాలను నమోదు పత్రాలపై వేర్వేరుగా గుర్తించారు. 1906లో, సుదూర కేంద్రాలకు తరంగాలు ఆలస్యంగా చేరుతున్న తీరును చూపి, భూమికి మధ్యన వేరే స్వభావం గల కోర్ ఉందని నిరూపించారు. 1909లో క్రొయేషియాలో వచ్చిన భూకంపపు నమోదుల నుంచి ఆండ్రియా మొహొరొవిచిచ్ పటలానికీ మాంటిల్‌కూ మధ్య సరిహద్దును కనుగొన్నారు. కోర్ సరిహద్దు సుమారు 2,900 కిలోమీటర్ల లోతున ఉందని బెనో గుటెన్‌బర్గ్ లెక్క తేల్చగా, అది ద్రవమని 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ చూపారు. భూకంపం వచ్చిన చోటు నుంచి భూగోళం మీద సుమారు 104 డిగ్రీల నుంచి 140 డిగ్రీల మధ్య ఉన్న ప్రాంతంలో, తరంగాలను కోర్ వంచివేయడం వల్ల, నేరుగా వచ్చే పి తరంగాలు కనబడకూడదు. అయినా 1929 నాటి న్యూజిలాండ్ భూకంపం తాలూకు బలహీనమైన తరంగాలు అక్కడి కేంద్రాల్లో నమోదయ్యాయి. వాటిని పరికరాల లోపమని కొట్టిపారేయకుండా, ద్రవ కోర్ లోపల మరో గోళం ఉండి అది తరంగాలను వెనక్కి తిప్పి పంపుతోందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ వాదించారు. ఆ గోళమే దాదాపు 1,220 కిలోమీటర్ల వ్యాసార్ధం గల అంతర కోర్. నమోదు పత్రాల్లోని కొద్దిపాటి మెలికలను నమ్మి ఇంత పెద్ద నిర్ణయానికి రావడం విజ్ఞాన చరిత్రలో అరుదైన సాహసం.

ధూళి నుంచి గ్రహం దాకా

1969లో మెక్సికోలో పడిన అయెండే ఉల్కను కోసి చూస్తే నల్లని రాతిలో అక్కడక్కడా తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. కాల్షియం, అల్యూమినియం ఎక్కువగా ఉన్న ఆ మచ్చలు, చల్లబడుతున్న వాయుమేఘం నుంచి మొట్టమొదట గట్టిపడిన పదార్థం. ఇలాంటి మచ్చల వయసు 456.7 కోట్ల సంవత్సరాలు; సౌరకుటుంబపు కాలగణన అక్కడే మొదలవుతుంది. భూమి వయసును 1956లో క్లెయిర్ ప్యాటర్‌సన్ ఉల్కల్లోని సీసపు ఐసోటోపుల (ఒకే మూలకంలో పరమాణు బరువు వేరుగా ఉండే రకాల) నుంచి 455 కోట్ల సంవత్సరాలుగా లెక్కించారు. ఇప్పుడు సాధారణంగా చెప్పే 454 కోట్లకు అది చాలా దగ్గర.

సూర్యుని చుట్టూ తిరిగే పళ్లెం వంటి వాయుధూళి మండలంలో ధూళి రేణువులు ఒకదానికొకటి అంటుకుంటూ గులకరాళ్ల పరిమాణానికి చేరడం వరకు అందరూ అంగీకరించే విషయమే. గులకరాళ్ల నుంచి గ్రహం ఎలా అయిందన్న చోట రెండు వాదాలున్నాయి. పాత వాదం ప్రకారం కిలోమీటర్ల పరిమాణం గల శకలాలు ఢీకొని కలిసిపోతూ, చంద్రుడి నుంచి అంగారకుడి దాకా పరిమాణం గల పిండగ్రహాలుగా పెరిగాయి. అవి ఒకదానితో ఒకటి ఢీకొనగా 3 నుంచి 10 కోట్ల సంవత్సరాల్లో భూమి పూర్తయింది. కొత్త వాదం ప్రకారం వాయువు ఇంకా చెదిరిపోకముందే, అంటే కొద్ది లక్షల నుంచి కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే, వాయువులో కొట్టుకువస్తున్న గులకరాళ్లను నేరుగా లాక్కుంటూ పిండగ్రహం వేగంగా పెరిగింది. బృహస్పతి వంటి గ్రహాలు అంత త్వరగా ఎలా పెరిగాయో రెండో వాదం చక్కగా వివరిస్తుంది. భూమి, చంద్రుల చరిత్రలో కనిపించే ఆలస్యపు భారీ ఢీలకు మొదటిది బాగా సరిపోతుంది. చివరి దశలో పెద్ద ఢీలు జరిగాయని రెండు పక్షాలవారూ ఒప్పుకుంటారు కాబట్టి, భూమి విషయంలో విభేదం ముఖ్యంగా తొలి దశ గురించే.

ఇనుము ఎప్పుడు కిందికి దిగింది

పెరుగుతున్న గ్రహానికి వేడి మూడు వైపుల నుంచి వచ్చింది: ఢీకొన్న వస్తువుల గతిశక్తి, అల్యూమినియం-26 వంటి స్వల్పాయువు గల ఐసోటోపుల క్షయం, కిందికి దిగుతున్న ఇనుము విడుదల చేసిన శక్తి. అల్యూమినియం-26 అర్ధాయువు, అంటే అందులో సగం క్షయించడానికి పట్టే కాలం, 7 లక్షల సంవత్సరాలే కనుక, తొలినాళ్లలో ఏర్పడిన చిన్న శకలాలను కూడా అది కరిగించగలిగింది. మన మ్యూజియాల్లో ఉన్న ఇనుప ఉల్కల్లో చాలావరకు అలా కరిగి, విడిపోయి, ఆ తరువాత బద్దలైన చిన్న గ్రహాల కోర్ ముక్కలే. భూమి విషయంలో పెద్ద ఢీలు లోతైన మాగ్మా సముద్రాలను సృష్టించాయి. కరిగిన ఇనుము, కరిగిన సిలికేట్ ఒకదానిలో ఒకటి కలవవు, పైగా ఇనుము దాదాపు రెట్టింపు బరువు. అందుకే అది అడుగుకు చేరింది.

ఆ పని ఎప్పుడు జరిగిందో కొలిచే తీరు ఆసక్తికరమైనది. హఫ్నియం-182 అనే ఐసోటోపు 89 లక్షల సంవత్సరాల అర్ధాయువుతో టంగ్‌స్టన్-182గా మారుతుంది. హఫ్నియం ఎప్పుడూ సిలికేట్‌తోనే ఉండిపోతుంది, టంగ్‌స్టన్ ఎక్కువగా ఇనుము వెంట వెళ్ళిపోతుంది. కోర్ విడిపోవడం చాలా ఆలస్యమై, ఆరు అర్ధాయువులు, అంటే 5.3 కోట్ల సంవత్సరాలు గడిచాక ఒక్కసారిగా జరిగిందనుకుందాం. అప్పటికి మొదటి హఫ్నియం-182లో 64వ వంతే మిగిలి ఉంటుంది. ఏర్పడిన టంగ్‌స్టన్-182 దాదాపు అంతా ఇనుముతో కలిసి కిందికి పోతుంది కాబట్టి మాంటిల్‌లో దాని మిగులు దాదాపు కనబడదు. విడిపోవడం మొదట్లోనే పూర్తయి ఉంటే, మాంటిల్‌లో చిక్కుకుపోయిన హఫ్నియం అంతా తరువాత టంగ్‌స్టన్‌గా మారి పెద్ద మిగులు చూపేది. నిజానికి కొలిస్తే ఉల్కలతో పోల్చినప్పుడు మిగులు పదివేలలో రెండు వంతులు. దీని నుంచి కోర్‌లో చాలాభాగం దాదాపు తొలి 3 కోట్ల ఏళ్లలో ఏర్పడిందన్న అంచనా వచ్చింది. అయితే ఢీకొన్న గ్రహాల కోర్‌లు మన మాంటిల్‌తో పూర్తిగా కలిసి సమతుల్యానికి రాకుండా నేరుగా అడుగుకు జారిపోయి ఉంటే గడియారం తప్పు చూపుతుంది. అప్పుడు అసలు కాలం ఇంకా ఎక్కువ.

ఇనుమును ఇష్టపడే బంగారం, ప్లాటినం వంటివి కూడా దానితోపాటే దిగిపోవాలి. అయినా మాంటిల్‌లో అవి ప్రయోగశాల లెక్క చెప్పినదానికన్నా ఎక్కువగా ఉన్నాయి, పైగా పరస్పరం ఉల్కల్లో కనిపించే నిష్పత్తికి దగ్గరగా ఉన్నాయి. కోర్ ఏర్పడ్డాక భూమి బరువులో అరశాతం పదార్థం ఉల్కల రూపంలో వచ్చి చేరిందన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. మహాపీడనంలో ఈ లోహాలకు ఇనుము మీద మక్కువ తగ్గుతుందని, అందుకే కొంత పైనే మిగిలిందని మరికొందరు అంటారు. రెండోది కొన్ని మూలకాలకు సరిపోతుంది గానీ, అన్నిటికీ ఒకే నిష్పత్తి ఎందుకుందో చెప్పలేకపోతోంది.

చంద్రుడు, మాంటిల్ అడుగున ఉన్న రెండు దిబ్బలు

1975లో విలియం హార్ట్‌మన్, డొనాల్డ్ డేవిస్ ప్రతిపాదించిన భారీ ఢీ సిద్ధాంతం ప్రకారం, అంగారకుడంత గ్రహం ఒకటి భూమిని ఢీకొనగా ఎగిరిన శిథిలాల నుంచి చంద్రుడు ఏర్పడ్డాడు. ఆ గ్రహానికి థియా అని పేరు పెట్టారు. చంద్రుడికి ఇనుప కోర్ చాలా చిన్నదిగా ఉండటాన్ని ఈ సిద్ధాంతం చక్కగా వివరిస్తుంది. చిక్కల్లా ఆక్సిజన్ ఐసోటోపులతోనే: అపోలో యాత్రలు తెచ్చిన రాళ్లలో వాటి నిష్పత్తి భూమి రాళ్లతో దాదాపు పూర్తిగా సరిపోలుతోంది. శిథిలాలు ఎక్కువగా థియావి అయితే ఇది అనుకోనిది. ఢీ మరింత తీవ్రమై రెండు గ్రహాల పదార్థం పూర్తిగా కలగలిసిపోయిందని కొందరు, థియా కూడా భూమి పుట్టిన చోటే పుట్టిందని కొందరు అంటున్నారు. ఆఫ్రికా కింద, పసిఫిక్ కింద, కోర్‌ను ఆనుకుని భూకంప తరంగాలు నెమ్మదించే రెండు బ్రహ్మాండమైన దిబ్బలున్నాయి. అవి థియా మాంటిల్ అవశేషాలు కావచ్చని 2023లో ఒక ప్రతిపాదన వచ్చింది. కిందికి దిగిన పాత సముద్ర పటలం పోగుపడి అవి ఏర్పడ్డాయన్న వాదం కూడా అంతే బలంగా ఉంది.

మాంటిల్ మధ్యలో 410, 660 కిలోమీటర్ల లోతుల్లో తరంగ వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడ పదార్థం మారదు; పీడనానికి ఆలివిన్ ఖనిజం మరింత ఇరుకైన స్ఫటికాలుగా తనను సర్దుకుంటుంది. బ్రెజిల్‌లో దొరికిన ఒక చిన్న వజ్రంలో చిక్కుకున్న రింగ్‌వుడైట్ రేణువును 2014లో ప్రకటించారు. ఆ ఖనిజం సుమారు 520 నుంచి 660 కిలోమీటర్ల లోతులోనే స్థిరంగా ఉంటుంది. దాని స్ఫటికంలో బరువుకు ఒకటిన్నర శాతం దాకా నీరు ఉంది. అది ద్రవనీరు కాదు, స్ఫటికంలో బంధించబడిన హైడ్రాక్సిల్, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంట. భూగర్భంలో మహాసముద్రం దొరికిందన్న అప్పటి శీర్షికలు ఈ తేడాను చెప్పలేదు.

మొదటి పటలానికి మిగిలిన సాక్షి

తొలి పటలం ఎక్కడా మిగల్లేదు. దాని గుర్తుగా పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ ఇసుకరాతి శిలల్లో అర మిల్లీమీటరు కూడా లేని జిర్కాన్ రేణువులు దొరికాయి. జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కనుక ఇప్పుడు అందులో ఉన్న సీసం దాదాపు అంతా యురేనియం క్షయం వల్ల వచ్చిందే. ఒక రేణువు వయసు 440 కోట్ల సంవత్సరాలైతే, 447 కోట్ల అర్ధాయువు గల యురేనియం-238లో సగానికి కాస్త ఎక్కువ మిగిలి ఉండాలి, 70 కోట్ల అర్ధాయువు గల యురేనియం-235లో సుమారు 76వ వంతే మిగిలి ఉండాలి. రెండు గడియారాలూ ఒకే వయసు చెప్పినప్పుడే దాన్ని నమ్ముతారు. 2001లో ప్రచురితమైన ఒక రేణువు వయసు ఇలాగే 440 కోట్లుగా తేలింది. ఈ రేణువుల్లోని ఆక్సిజన్ ఐసోటోపులను బట్టి, అవి పుట్టిన మాగ్మాలో అంతకు ముందే ద్రవనీటితో కలిసి మార్పు చెందిన శిల ఉందని భావిస్తున్నారు. అంటే చంద్రుడు ఏర్పడిన కొద్దికాలానికే భూమి పైభాగం చల్లబడి ఉండాలి.

అంతర కోర్: వార్తల్లో వచ్చినదెంత, తేలినదెంత

అంతర కోర్ ఆగిపోయిందన్న వార్తకు మూలం భూకంపాల జంటలు. దక్షిణ శాండ్‌విచ్ దీవుల దగ్గర ఏళ్ల తేడాతో దాదాపు ఒకే చోట, ఒకే తీరులో వచ్చిన భూకంపాల తరంగాలను అలాస్కాలో పోల్చితే, అంతర కోర్ గుండా వెళ్లినవి మాత్రమే కొద్దిగా మారాయి. ద్రవంలో తేలియాడే ఆ గోళం మాంటిల్‌కన్నా కాస్త వేగంగా తిరుగుతోందని 1996లో ఇలాంటి ఆధారంతోనే చెప్పారు. 2023 అధ్యయనం చెప్పినదేమిటంటే, 2009 ప్రాంతంలో ఆ అదనపు వేగం పోయిందని, అంటే అంతర కోర్ మాంటిల్‌తో సమానంగా తిరగడం మొదలుపెట్టిందని, బహుశా కొంచెం వెనకబడుతోందని. భూమితోపాటు అది రోజుకొక చుట్టు తిరుగుతూనే ఉంది. ఈ ముందు వెనకలకు దాదాపు 70 ఏళ్ల ఆవర్తనం ఉందని కొందరు, 6 ఏళ్ల చిన్న డోలనం ఉందని మరికొందరు, అసలు భ్రమణం మారలేదు, అంతర కోర్ ఉపరితలమే మారుతోందని ఇంకొందరు వాదిస్తున్నారు. ఐదో పొర అని చెప్పినది, అంతర కోర్ మధ్యన సుమారు 650 కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఇనుప స్ఫటికాల అమరిక దిశ వేరుగా ఉన్న ప్రాంతం. అక్కడ పదార్థమూ మారలేదు, ఘనస్థితీ మారలేదు. అది పొర అనిపించుకుంటుందా లేదా అన్నది మనం ఎంచుకున్న కొలబద్ద మీద ఆధారపడుతుంది.

అంతర కోర్ ద్రవ ఇనుము గడ్డకట్టడం వల్ల ఏర్పడింది. అక్కడ ఉష్ణోగ్రత 5,000 డిగ్రీలు దాటినా, వాతావరణ పీడనానికి 30 లక్షల రెట్లకు మించిన పీడనం ఇనుమును ఘనంగానే నిలుపుతుంది. అది గడ్డకట్టేటప్పుడు తేలిక మూలకాలు ద్రవంలోకి నెట్టివేయబడి పైకి లేస్తాయి. ఆ కదలికే నేటి భూ అయస్కాంత క్షేత్రానికి ప్రధాన చోదకం. అది ఎప్పుడు గడ్డకట్టడం మొదలైందన్న ప్రశ్నకు జవాబు, అంతటి పీడనంలో ఇనుము వేడిని ఎంత తేలికగా ప్రసరింపజేస్తుందన్న దానిపై ఉంది. ఎక్కువగా ప్రసరింపజేస్తే కోర్ త్వరగా చల్లబడుతోందన్నమాట, అప్పుడు అంతర కోర్ వయసు 50 కోట్ల సంవత్సరాల దగ్గరే ఉండవచ్చు; తక్కువైతే 100 కోట్లు దాటుతుంది. ప్రయోగశాలల కొలతలు ఈ రెండు వైపులా వచ్చాయి. కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో 56.5 కోట్ల ఏళ్ల నాటి శిలల్లో అప్పటి అయస్కాంత క్షేత్రం ఇప్పటిదానిలో పదో వంతు కూడా లేనట్టు 2019లో కనుగొన్నారు. అంతర కోర్ ఇంకా పుట్టకముందు క్షీణించిన క్షేత్రం అదేనని చిన్న వయసు పక్షంవారు దీన్ని సాక్ష్యంగా చూపుతారు. అయితే 340 కోట్ల ఏళ్లకు పైబడిన శిలల్లో కూడా క్షేత్రం ఉన్న గుర్తులున్నాయి కాబట్టి, అంతర కోర్ లేని ఆ సుదీర్ఘ కాలంలో దాన్ని నడిపిన శక్తి ఏమిటో వారు చెప్పాల్సి ఉంటుంది. మాంటిల్‌లోకి వేడి పోవడం వల్ల ద్రవ కోర్‌లో పుట్టిన ప్రవాహాలు, లేదా మొదట్లో మహావేడిలో ఇనుములో కరిగిన మెగ్నీషియం వంటివి తరువాత బయటపడటం, ప్రస్తుతం పరిశీలనలో ఉన్న వివరణలు.